గంగమ్మ గుడి దీపం

శంషాబాద్,
20 నవంబరు 2024

చెల్లాయి నూకరత్నానికి మంగక్క దీవెనలు.

క్షేమంగా ఇల్లు చేరాం. నువ్వు కట్టిచ్చిన పులిహోర విజయవాడ దాటేదాకా వచ్చింది. మీ బావగారు చివరి ముద్ద నాకు పెట్టకుండా తిన్నారు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నువ్వు "సరే అక్కా, ఉంటానక్కా" అని పెట్టేస్తావు. మిగతాది సముద్రం హోరులో పోతుంది. కాగితం మీదైతే చెప్పాల్సింది చెప్పక తప్పదు.

కార్తిక పౌర్ణమి నాడు గంగమ్మ గుడి ముందు మేము పెట్టించిన కరెంటు దీపస్తంభం వెలిగింది కదా. అది ఎందుకు పెట్టించానో నీకు తెలిసిందే, అయినా ఒక్కసారి రాస్తాను. పోయిన ఏడాది విమానాశ్రయంలో డ్యూటీలో ఉండగానే మా లలిత్‌కు కుడికన్ను మసకబారింది. లోపలి పొర ఊడిందన్నారు. ఆపరేషను చేసినా చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేమన్నారు. దిగిన విమానాన్ని సైగలతో తీసుకొచ్చి దాని చోట నిలబెట్టడం వాడి ఉద్యోగం. కన్ను లేకపోతే ఆ పని లేదు. ఆపరేషను గది బయట కూర్చుని మన సరుగుడుపేట గంగమ్మను తలుచుకున్నాను. "వాడికి చూపు నిలబెట్టు తల్లీ, నీ సన్నిధిలో దీపం ఆరనివ్వను" అన్నాను.

నిలిచింది. మళ్ళీ డ్యూటీకి వెళుతున్నాడు. అయినా పరీక్షలకు తిరుగుతూనే ఉండాలి.

అందుకని అది ఉత్త దీపం కాదు నాకు. తోబుట్టువుల్లో ఊరిని అంటిపెట్టుకుని ఉన్నదానివి నువ్వొక్కదానివే. కనిపెట్టుకుని ఉండు.

ఉంటాను.
అక్క


సరుగుడుపేట, శ్రీకాకుళం జిల్లా,
10 డిసెంబరు 2024

అక్కకు రత్నం నమస్కారాలు. బావగారికి కూడా. పులిహోర సంగతి విన్నాక ఆయనకు సగం నమస్కారమే.

నీ దీపం గురించి పేటంతా చెప్పుకుంటున్నారు. వేటకు వెళ్ళిన పడవలకు చాలా దూరం కనిపిస్తోందట. ఎర్రమ్మ రోజూ పొద్దుపోయాక దాని కిందే వల బాగుచేసుకుంటోంది. "మీ అప్ప పున్నెమా అని నాకు కళ్ళజోడు అక్కర్లేకపోయింది" అంటోంది.

ఇంకో సంగతి. సంక్రాంతి దాటితే మన తీరానికి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. చిన్నప్పుడు నువ్వు నన్ను చంకనెత్తుకుని చూపించేదానివి. ఈ మధ్య గుడ్లన్నీ కుక్కలకూ నక్కలకూ పోతున్నాయి. మనుషులూ తక్కువవాళ్ళేం కాదు. శ్రీకూర్మం వెళ్ళి తాబేలు దేవుడికి దణ్ణం పెట్టి వచ్చి ఇక్కడ గుడ్లు తవ్వుకుపోయేవాళ్ళను నేనెరుగుదును. ఈసారి అటవీశాఖవాళ్ళు ఇసుకలో కంచె కట్టుకోమని వల ఇచ్చారు. నేనూ, ఎర్రమ్మా, ఇంకొందరు ఆడవాళ్ళమూ ఆ పని చూస్తామన్నాం. తెల్లవారకముందే తీరం వెంట నడవాలి. తాబేలు పాకిన జాడ పట్టుకుని గుడ్లు తీసి, తెచ్చి కంచెలో పాతాలి. పిల్లలు బయటికొచ్చేదాకా కాపలా కాసి సముద్రంలోకి వదలాలి. రోజూ నా అంగన్‌వాడీ బడి వేళకు ముందే ఆ నడక అయిపోతుంది.

మగాళ్ళు నవ్వుతున్నారు. "టీచరమ్మ తాబేళ్ళకి కూడా పాలు, గుడ్లు పంచుతాదేటి?" అన్నాడొకడు. "లేదు, వాటి గుడ్లు నీకు పంచకుండా చూస్తాను" అన్నాను.

తాబేలుకు చీకటి కావాలని అటవీశాఖ ఆవిడ చెప్పింది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

నీ చెల్లెలు
రత్నం


శంషాబాద్,
12 జనవరి 2025

రత్నానికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావగారు మూడోసారి చదివి, "కప్పను చూసి పీటెక్కిన రత్నమేనా ఇది?" అన్నారు. ఆ మాటలో మెప్పు ఉంది. ఆయన మెప్పు అలాగే వస్తుంది.

పక్కింటి పోచమ్మకు కూడా చదివి వినిపించాను. ఆవిడ ఈ ఊరి మనిషి. విమానాశ్రయం రాకముందు వాళ్ళకిక్కడ జొన్నచేలు ఉండేవి. చెయ్యి బుగ్గన పెట్టుకుని విన్నది.

"ఏందమ్మా, తాబేలుకు గూడ కావలుంటరా? మా కోళ్ళకెవ్వరన్న ఉంటే మంచిగుండు. కుక్కలు ఒక్కటే పరేషాన్ చేస్తున్నయ్" అంది. గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. "మీ చెల్లె గట్టిది. జర పైలంగుండుమని రాయి."

రాశాను.

చీకటి సంగతి తర్వాత రాస్తానన్నావు, రాయలేదు. చీకట్లో నడిచేటప్పుడు పాములుంటాయి, జాగ్రత్త. మన దీపస్తంభం వెలుగు తీరం దాకా పడుతుంది కదా. నీకు ఈ పని పడుతుందని తెలిసే అమ్మవారు ముందుగా ఆ వెలుగు ఏర్పాటు చేసిందనుకుంటున్నాను. సాయంత్రం విష్ణుసహస్రనామం చదివేటప్పుడు నీ పేరు కూడా చెప్పుకుంటున్నాను.

దీపం బాగా వెలుగుతోందా? ఒక్క మాట రాయి చాలు.

అక్క


సరుగుడుపేట,
2 ఫిబ్రవరి 2025

అక్కా, నమస్కారం.

మొదటి తాబేలు వచ్చింది! మేము నడిచే వేళకు ఇంకా ఒడ్డు మీదే ఉంది. పీటంత వెడల్పు. మేమంతా ఊపిరి బిగబట్టి ఇసుకలో పడుకున్నాం. వెనక కాళ్ళతో గొయ్యి తవ్వింది. ఎంత నేర్పు అనుకున్నావు! ఒక కాలు ఇసుకను దోసిట్లో తీసినట్టు తీస్తుంటే రెండో కాలు గట్టు కూలకుండా పట్టుకుంటుంది. వెనక ఏమీ కనిపించదు కదా దానికి, అయినా కుండలా గుండ్రంగా వచ్చింది గొయ్యి. గుడ్లు పెడుతున్నంతసేపూ కళ్ళ వెంట నీళ్ళు. ఒంట్లో ఉప్పు అలా వదులుకుంటుందని అటవీశాఖ ఆవిడ చెప్పింది. ఎర్రమ్మ నమ్మలేదు.

"ఉప్పేటమ్మా, కన్నతల్లి ఏడుస్తాది" అంది. "నా నలుగురప్పుడూ నేనేడవనేదా?"

పెట్టేశాక ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దబదబా దిమ్మిస కొట్టింది. తర్వాత సముద్రంలోకి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇక మీదే పూచీ అన్నట్టు పోయింది. గుడ్లు ఒక్కొక్కటిగా తీసి బుట్టలో పెట్టాను.

దీపం సంగతి అడిగావు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టాయని ప్రస్తుతానికి ఆపాం. బాగుచేయిస్తాం. నువ్వు బెంగపెట్టుకోకు.

లలిత్‌కు నా ముద్దులు. చుక్కల మందు మానొద్దని చెప్పు.

రత్నం


శంషాబాద్,
22 ఫిబ్రవరి 2025

రత్నానికి దీవెనలు.

తాబేలు గురించి నువ్వు రాసింది చదివాను. ఇన్నాళ్ళూ పూజంటే పువ్వులూ అక్షతలూ అనుకుంటూ ఉన్నాను. నీది పెద్ద పూజ.

మొన్న తుక్కుగూడలో పెళ్ళికి వెళ్ళాం. పోచమ్మ కొడుకు నరేందర్‌కు అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. వాళ్ళ మేనకోడలి పెళ్ళి. భోజనాలప్పుడు ఆకాశంలోకి ఆకుపచ్చ లేజరు కిరణాలు వదిలారు. పిల్లలు కేరింతలు. లలిత్ విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచాడు. వాడు ఇక్కడ పెరిగినవాడు కదా, వాళ్ళతో వాళ్ళ మాటే మాట్లాడతాడు.

"అన్నా, ముందుగాల అది బంద్ చెయ్" అన్నాడు.

"ఏమైతది తమ్మీ! పెండ్లి గదా, జర జోష్ ఉండాలె."

"పైనుంచి దిగేటోనికి కింద లైట్లే దారి. గీ లైటు కండ్లల్ల పడితే ఏది రన్‌వేనో ఏది నీ హాలో తెల్వది. మంది పానాలన్నా!"

నరేందర్ తనే పరుగెత్తి స్విచ్చి కట్టేశాడు. "నాకెవ్వరు చెప్పలె తమ్మీ. చెప్తే బంద్ చెయ్యకపోదునా?" అని పదిమందిలో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి మీదా నాకు గౌరవం కలిగింది.

ఇక అసలు మాట. షాద్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసే మన ఊరాయన మాఘ పౌర్ణమి సముద్రస్నానానికి వచ్చి వెళ్ళాడు. నా దీపస్తంభం తలకు గోనెసంచులు కట్టి ఉన్నాయన్నాడు. కట్టించింది నువ్వేనన్నాడు. స్తంభం నిలబెట్టినవాళ్ళను అడిగాను. ఆ తీగలకు తుప్పు పట్టదన్నారు.

నువ్వు నాతో అబద్ధం ఎందుకు చెప్పావో ఆలోచించాను. స్తంభానికి పెట్టిన ఫలకం మీద "భాస్కరరావు, మంగాదేవి దంపతులు" అని ఉంది. నాన్నగారి పేరు లేదు. ఊరు నాన్నగారిది, నేను బయటికి వెళ్ళినదాన్ని. నీకు మనసు కష్టపడి ఉంటుంది. మీ బావగారు తన పేరు వేయమనలేదమ్మా. చెక్కినవాడే అలా చెక్కాడు. ఫలకం మార్పిస్తాను. దానికి దీపం ముఖం కప్పనక్కర్లేదు.

అక్క


సరుగుడుపేట,
5 మార్చి 2025

అక్కా,

ఫలకం కాదు. నాన్నగారి పేరు కాదు. ఆ పేరు ఉందో లేదో నేనసలు చూడలేదు. ఒట్టు.

గోనెలు నేనే కట్టాను. తుప్పు అన్నది అబద్ధమే. కారణం ఉంది. లలిత్ కంటి పరీక్ష ఏప్రిల్‌లో కదా. అది కానివ్వు. తర్వాత నేనే వచ్చి ఎదురుగా కూర్చుని చెప్తాను. కాగితం మీద రాస్తే నువ్వొక్కదానివే కూర్చుని చదువుకోవాలి. అది నాకిష్టం లేదు.

అప్పటిదాకా ఏమీ చెయ్యకు. నన్ను నమ్ము.

రత్నం


శంషాబాద్,
19 మార్చి 2025

రత్నానికి దీవెనలు.

నమ్మకం లేక కాదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. కష్టపెట్టిన మాట పైకి చెప్పవు. ఫలకం కాదని నువ్వు ఒట్టు వేశావంటే అదేనని నాకు అర్థమైంది.

కొత్త ఫలకం చేయించి రైలు పార్సిల్‌లో పంపాను. నాన్నగారి పేరు ఒక్కటే ఉంది. పూజారి అనంతయ్యగారికి ఫోను చేశాను. ఉగాది ముందు సాయంత్రం ఫలకం పెట్టి, గోనెలు విప్పి, దీపం వెలిగిస్తామన్నారు. నీకు చెప్పవద్దన్నాను. అయినా ఈ ఉత్తరం అప్పటికి చేరితే తెలుస్తుంది, చేరకపోతే పండగపూట నీ కళ్ళతో చూస్తావు. రెండూ మంచివే.

నా వైపు నుంచి ఒక మాట. లలిత్‌కు పరీక్ష ఏప్రిల్ పదకొండున. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి కన్ను బరువుగా ఉందంటున్నాడు. దీపం ఆరిందని తెలిసిన నాటి నుంచి నేను సరిగా అన్నం తినలేదు. పరీక్షకు ముందు అది వెలగాలి. తల్లిని, అంతకంటే వేరే శాస్త్రం నాకు తెలియదు.

కోపం పోగొట్టుకో.

అక్క


సరుగుడుపేట,
31 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ చేరింది. ఉగాది నిన్న అయిపోయింది.

అంగన్‌వాడీ సమావేశానికని శ్రీకాకుళం వెళ్ళి, పొద్దుపోయి సరుగుడు తోట వెనక రోడ్డున బస్సు దిగి, గుడి వైపు చూడకుండానే వచ్చి పడుకున్నాను. తెల్లవారకముందు లేచి ఎప్పటిలాగే ఉత్తరపు కొస నుంచి నడుస్తూ వస్తున్నాం. గుడి వైపు పెళ్ళివారి పందిరిలా వెలుగు. అటు పరుగెత్తాను.

మాకు జాడ దొరకని ఒక గూడు గుడికి దగ్గర్లో ఉండిపోయింది. అందులోంచి పిల్లలు బయటికొచ్చాయి. తాబేలు పిల్లకు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరక్కా. చీకటిగా ఉంటే నీటి మీద మెరిసే ఆకాశపు వెలుగే దానికి దారి. అక్కడ వెలుగు ఎక్కువ, అటే సముద్రం అనుకుని పోతుంది. నిన్న వాటికి సముద్రం కంటే నీ దీపం పెద్దగా కనిపించింది. ఇసుక మీద ఎన్నో సన్నటి జాడలు, అన్నీ గుడి వైపే. మెట్ల మీద, స్తంభం చుట్టూ, కొబ్బరిపీచుల్లో. కాకులు వచ్చేశాయి. కుక్కలు వచ్చేశాయి.

ఆడవాళ్ళం కొంగుల్లో ఏరుకుని నీటి దగ్గరికి పరుగెత్తాం. ఎర్రమ్మ కుక్కలను పట్టుకుని తిడుతూ ఏడ్చింది. చాలావాటిని దక్కించుకున్నాం. కొన్ని దక్కలేదు. ఒకటి నాన్నగారి ఫలకం కింద వెల్లకిలా పడి ఉంది. పండగ పచ్చడి ఎవరికీ గుర్తు రాలేదు.

డిసెంబరులోనే నాకు ఈ సంగతి చెప్పారు. తల్లి తాబేళ్ళు కూడా ఆ వెలుగు చూసి గుడ్లు పెట్టకుండా వెనక్కి పోతాయన్నారు. నీకు రాసిన ఆ మొదటి తాబేలుకు ముందే ఒకటి అలా పోవడం నేనే చూశాను. అందుకే గోనెలు కట్టాను. నీతో ఎలా చెప్పను? ఆ దీపం లలిత్ చూపు కోసం అని నీ చేత్తో రాశావు. దాన్ని ఆర్పమని ఏ నోటితో అడగను? అందుకని తుప్పన్నాను. నువ్వేమో ఫలకమన్నావు. ఫలకం కోసం అలిగే మనిషిలా కనిపించానా నీకు, అక్కా?

"నాకెవ్వరు చెప్పలె" అన్నాడే నరేందర్, ఆ మాట రాసింది నువ్వే. నీకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను. నీ మీద కోపంతో ఉత్తరం మొదలుపెట్టాను. అది ఎవరి మీదికి తిరిగిందో చూశావుగా.

గోనెలు మళ్ళీ కట్టలేదు. అనంతయ్యగారు ఒప్పుకోవడం లేదు. "అక్కగారి మొక్కు, అక్కగారే చెప్పాలి" అంటున్నారు. కంచెలో గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాయి.

రత్నం


శంషాబాద్,
4 ఏప్రిల్ 2025

రత్నానికి,

ఉత్తరం అందింది. చదివిన వెంటనే అనంతయ్యగారికి ఫోను చేశాను. దీపం ఆర్పమన్నాను. ఆర్పేశానని ఆయన చెప్పేదాకా ఫోను పెట్టలేదు.

నువ్వు ఫలకం కోసం అలిగే మనిషివి కావు. చనిపోయిన పిల్లలకు ఇవాళ స్నానం చేసి నీళ్ళు వదిలాను.

ఇక రాయలేను.

అక్క


సరుగుడుపేట,
7 ఏప్రిల్ 2025

అక్కా, అక్కా,

స్తంభం ఆరిపోయినప్పుడు నేను దాని కిందే ఉన్నాను. చీకటి పడగానే ఏడుపొచ్చింది. సంతోషమో భయమో తెలియలేదు. ఈ శుక్రవారమే కదా లలిత్‌కు పరీక్ష. పరీక్ష ముందర నీ చేత ఇంత పని చేయించాను. ఏమైనా అయితే నా ముఖం నీకెలా చూపించను?

ఎర్రమ్మకు సంగతంతా చెప్పాను. వల అల్లుతూ విన్నది. "మీ అప్ప ఏటని మొక్కింది?" అని అడిగింది. సన్నిధిలో దీపం ఆరనివ్వనని మొక్కిందన్నాను.

"ఓసి దీనికేటి! అమ్మోరికి తానం చేయించినప్పుడు గడపకి తెర కడతారు గదా. తాబేళ్ళొచ్చే నాలుగు నెల్లూ తెర కట్టీండి. లోన దీపం ఎలుగుతాది. బయటికి ఎలుగు రాదు. అమ్మోరు దీపం చూసుకుంటాది, తాబేలు సముద్రం చూసుకుంటాది."

గుడికి తలుపులు లేవు, ఇనుప కటకటాలే అని నీకు తెలుసు కదా. మందపాటి తెర అయితే సరిపోతుంది. నూనె పోయడానికి ఆడవాళ్ళం వంతులు వేసుకుంటామన్నాం. అనంతయ్యగారు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. నీ మాటే మిగిలింది. మొక్కు నీది. సరిపోదంటే సరిపోదు.

రత్నం


శంషాబాద్,
16 ఏప్రిల్ 2025

రత్నానికి దీవెనలు.

నీ ఉత్తరం పరీక్ష అయ్యాక చేరింది. కాబట్టి ఆ రోజు నా దగ్గర తెర లేదు, దీపమూ లేదు.

డాక్టరు చాలాసేపు చూశారు. కంటిలో ఒత్తిడి పెరిగిందన్నారు. చుక్కల మందు మార్చి, మళ్ళీ వారంలో రమ్మన్నారు. బయట బల్ల మీద కూర్చున్నాను. ఫోను చేతిలోనే ఉంది. అనంతయ్యగారికి ఒక్క మాట చెబితే దీపం వెలుగుతుంది. నీ దగ్గర దాచను, పేరు కూడా నొక్కాను. మోగకముందే పెట్టేశాను. ఆ మెట్ల మీది పిల్లలకు కూడా ఒక తల్లి ఉంది. నాలాగే మొక్కి, సముద్రానికి అప్పగించి పోయింది.

ఇంటికొచ్చాక పోచమ్మ గేటు దగ్గర పట్టుకుంది. "ఏందమ్మా గిట్లున్నవ్?" అంటే అంతా చెప్పాను.

"గంగమ్మ పిల్లల తల్లి గాదా?" అంది. "పిల్లల్ని బతికించినవని కోపం చేస్తదా? గట్ల కోపం చేసే దేవతైతే నువ్వెందుకు మొక్కుతున్నవ్?"

ఇన్నేళ్ళ సహస్రనామాల్లో ఈ ప్రశ్న నేను వేసుకోలేదు.

నిన్న మళ్ళీ వెళ్ళాం. ఒత్తిడి తగ్గింది. చూపుకు ఢోకా లేదన్నారు. అప్పుడు లలిత్‌కు కూడా చెప్పాను, స్తంభం సంగతీ, ఆర్పిన సంగతీ. "డాక్టరు చూశాడు, గంగమ్మ చూసింది. నువ్వు ఇకనైనా అన్నం తిను" అన్నాడు.

తిన్నాను.

ఎర్రమ్మ మాట సరైనది. నేను దీపమని మొక్కాను, స్తంభమని మొక్కలేదు. అంత ఎత్తు నేను కోరుకున్నది. తెర కుడుతున్నాను. ముదురు కుంకుమరంగు, రెండు పొరలు, లోపల నల్లటి అస్తరు. మీ బావగారు దాని వెనక టార్చి పట్టుకుని, వెలుతురు ఎక్కడ కారుతోందో చూపిస్తున్నారు. కారినచోటల్లా మళ్ళీ కుట్టిస్తున్నారు.

స్తంభాన్ని సరుగుడు తోట వెనక రోడ్డు మీద, బస్సాగేచోట పెట్టించండి. నాన్నగారి ఫలకం కూడా అక్కడే. బస్సు రావడానికి చాలా ముందే వెళ్ళి నిలబడే మనిషి ఆయన. అక్కడే బాగుంటారు.

లలిత్‌కు సెలవు దొరికింది. తెర తీసుకుని వస్తున్నాం.

అక్క


శంషాబాద్,
5 మే 2025

రత్నానికి దీవెనలు.

ఇల్లు చేరాం. ఈసారి పులిహోర లలిత్ దగ్గర పెట్టాను, మీ బావగారికి అందకుండా.

నీ ఎదురుగా చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. రాస్తున్నాను. కంచెలో నువ్వు బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా ఇసుకలోకి పంపి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతుకుతుంటే చూశాను. గూట్లో చిక్కుకున్న పిల్లను పైకి తీసి, ముక్కు మీది ఇసుక ఊది, బుట్టలో పెట్టావు. తర్వాత మళ్ళీ చెయ్యి పంపావు. ఎవరైనా చూస్తున్నారని నీకు లేదు. ఆ శ్రద్ధ నాకు జపంలో ఎప్పుడూ కుదరలేదు. పెద్దదాన్ని కాబట్టి నీ కాళ్ళకు దణ్ణం పెట్టకూడదు. గుడిలో నీ పక్కన నిలబడి అమ్మవారికి పెట్టాను. అందులో కొంత నీదే.

తెర వెనక దీపం నేనే వెలిగించాను. కటకటాల బయటికి వచ్చి చూస్తే సముద్రమంతా చీకటి. ఆ చీకట్లో నాకు భయం వేయలేదు.

తెల్లవారుతుండగా బుట్టలు వంచినప్పుడు నువ్వు పిల్లలను చూసుకుంటున్నావు. నేను లలిత్‌ను చూస్తున్నాను. నీటికి ఇవతలే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్నీ పోయాక ఒకటి మిగిలింది. అల దాన్ని వెనక్కి తోస్తోంది, అది మళ్ళీ పాకుతోంది. ఎత్తబోతున్న నన్ను నువ్వు ఆపావు. "నడవనీ అక్కా, అది దాని నడక" అన్నావు. నాలుగో అల దాన్ని తీసుకుపోయింది.

లలిత్ ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆపరేషను చేసిన కంటితోనే చూస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నాకు కాసేపు నల్లటి చుక్క కనిపించింది. తర్వాత నీళ్ళే కనిపించాయి.

"మునిగిపోయిందా నాన్నా?" అన్నాను.

"లేదమ్మా. తల ఎత్తింది. ఇంకా పోతోంది, ఇంకా పోతోంది" అన్నాడు.

వాడు చూస్తున్నంతసేపూ నేను అక్కడే కూర్చున్నాను.

అక్క